నోట్‌బుక్కులో లేని వంట

వనస్థలిపురం నుంచి 66 ఏళ్ల పాఠకులొకరు, పేరు వేయవద్దని కోరుతూ, సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆయన ప్రభుత్వోద్యోగం చేసి విరమించారు. నాలుగేళ్ల కిందట భార్య చనిపోయారు. కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ల మనవడితో కలిసి ఉంటున్నారు. కొడుకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కోడలు బ్యాంకులో పనిచేస్తారు. భార్య పోయాక ఆమె బీరువాలో ఒక నోట్‌బుక్కు కనిపించింది. గుత్తి వంకాయ, బగారా అన్నం, మిర్చీ కా సాలన్, దాల్చా, నాటుకోడి పులుసు, గారెలు, పూర్ణాలు, సర్వపిండి వంటివన్నీ ఆమె చేతిరాతతో అందులో ఉన్నాయి. అప్పటిదాకా టీ తప్ప మరొకటి చేసి ఎరుగని ఈయన, ఆ పుస్తకం ముందు పెట్టుకుని వంట నేర్చుకున్నారు. తెల్లవారగానే రైతు బజారుకు వెళ్లి కూరగాయలు తేవడం, ఇంటిల్లిపాదికీ వండి పెట్టడం ఆయన దినచర్య అయింది. ఆయన మాటల్లోనే చెప్పాలంటే, "సాలన్ ఆమె చేసినట్టే కుదిరిన రోజు ఇంట్లో ఆమె ఉన్నట్టే ఉంటుంది."

ఆరు నెలల కిందట కొడుక్కి రక్తపరీక్షలు చేయించారు. రక్తంలో కొన్ని నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.2, పరగడుపు చక్కెర 112, రక్తంలోని ఒక రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు 240, బరువు 86 కిలోలు. కోడలు మరునాడే ఒక ఆహార పట్టికను ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం సలాడ్, కొద్దిగా ముడిబియ్యం అన్నం, రాత్రి సూపు, నూనె అసలే లేదు. "మీరు ఇక శ్రమ పడకండి మామయ్యా" అన్నారట. అప్పటినుంచి ఆ ఇంట్లో రెండు వంటలు. కొడుకు తొమ్మిదింటికి సూపు తాగి, పదిన్నరకు వంటగదిలో దీపం వేయకుండానే పెరుగన్నంలో ఆవకాయ నంచుకుని తింటున్నాడు. శనివారం రాత్రి బిర్యానీ పార్సిల్ వస్తుంది. గత నెల ఒకరోజు మాటా మాటా పెరిగి, "మీ అత్తయ్య పెట్టినదంతా విషమేనా అమ్మా?" అని ఈయన అడిగారు. కోడలు ఏడ్చింది. ఆమె తండ్రి చక్కెర వ్యాధి వల్ల మూత్రపిండాలు దెబ్బతిని, చివరి రెండేళ్లు డయాలసిస్ మీద గడిపారని ఉత్తరంలో ఉంది. ఇప్పుడు ఈయన అడుగుతున్నవి: ఆ వంట నిజంగానే హానికరమా? వంటగది వదిలేయాలా? సిద్దిపేటలోని తమ్ముడి ఇంటికి వెళ్లిపోవడం మంచిదా?

అయ్యా, మీ ఉత్తరాన్ని నేను చాలాసార్లు చదివాను. వంట గురించి రాసినట్టు కనిపించే ఈ ఉత్తరంలో సగం మీ భార్య గురించే ఉంది. ఆ సగాన్ని పక్కన పెట్టి నూనె, ఉప్పు లెక్కలు మాత్రమే చెబితే అది సమాధానం కాదు. అందువల్ల మీరు చివర అడిగిన ప్రశ్నలకు ముందు, ఆ నోట్‌బుక్కు గురించి నాకు తోచిన ఒక విషయం చెప్పనివ్వండి.

అందులో ఉన్న వంటల పేర్లు మీరు వరుసగా రాశారు. వాటిలో దాల్చా తప్ప ఒక్క పప్పు లేదు. తోటకూర వేపుడు లేదు, పచ్చిపులుసు లేదు, ఆనపకాయ కూర లేదు, పప్పుచారు లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో ఇవి ఉడకకుండా ఉండి ఉంటాయని నేను నమ్మలేను. ఏ ఇల్లాలూ రోజూ చేసే పప్పును పుస్తకంలో రాసుకోదు, దాని కొలతలు చేతిలోనే ఉంటాయి. ఏడాదికి రెండు మూడుసార్లు చేసేవాటికే, మరిచిపోతామన్న భయంతో, కొలతలు రాసి పెట్టుకుంటారు. పండుగకు, చుట్టాలు వచ్చినప్పుడు, ఆదివారం మాంసం తెచ్చినప్పుడు ఆమె చేసినవి ఆ పుస్తకంలోకి ఎక్కాయి. మిగిలిన మూడు వందల రోజుల వంట ఎక్కలేదు. మీరు ఆమె మీద ప్రేమతో, ఆమె వండినట్టే వండాలన్న పట్టుదలతో, ఆమె పండుగ వంటను సోమవారం నుంచి ఆదివారం దాకా వండుతున్నారు. సోమవారం గుత్తి వంకాయ, మంగళవారం బగారా అన్నంతో దాల్చా, బుధవారం గారెలు అని మీరు రాసిన వారంలో ఆమె వారం ఎక్కడా కనిపించలేదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది. ఆమె పెట్టింది విషం ఎంతమాత్రమూ కాదు. అయితే మీరిప్పుడు పెడుతున్నదీ ఆమె పెట్టినదీ ఒకటి కాదు. ఈ తేడా కనిపించిన తరువాత మీ కోడలితో మాట్లాడవలసిన తీరే మారిపోతుందని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే ఆమె అత్తగారిని సమర్థించుకోవలసిన అవసరం మీకు ఇక ఉండదు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. మీ ఇంట్లో నెలకు 5 లీటర్ల పొద్దుతిరుగుడు నూనె, కిలో నెయ్యి, మధ్యాహ్నం రాత్రి కలిపి రోజుకు కిలో బియ్యం అవుతున్నాయని రాశారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం సవరించిన ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యే మనిషికి ఆ సంస్థ చెప్పిన పళ్లెంలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు ఉంటాయి. నలుగురికి నెలకు లెక్క కడితే, మనవడిని పెద్దవాళ్లతో సమానంగా చూసినా, 3 లీటర్ల నూనె, అర కిలో నెయ్యి సరిపోవాలి. మీ ఇంట్లో అంతకు ఒకటిన్నర రెట్లు దాటింది. బియ్యం సంగతికి వస్తే, నలుగురి ధాన్యం వాటా రెండు పూటల అన్నంతోనే తీరిపోతోంది, పొద్దుటి దోశ, ఉప్మా దానికి అదనం. మీ ఉత్తరంలో పప్పు వారానికి రెండుసార్లే వచ్చింది, ఆకుకూర ఒక్కసారీ రాలేదు. మీ అబ్బాయి రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి, పైగా బరువు తగ్గవలసినవాడు. అతనికి ఈ 2,000 కేలరీల పళ్లెం కూడా కొంచెం ఎక్కువే కావచ్చు. దాన్ని అతని వైద్యుడో ఆసుపత్రిలోని డైటీషియనో తేల్చాలి.

అతని పరీక్షల గురించి కూడా స్పష్టంగా చెప్పుకుందాం. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు. 6.5 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహం. మీ అబ్బాయి గీతకు ఇవతలే ఉన్నాడు, వెనక్కి రావడానికి వీలున్న చోట ఉన్నాడు. 2002లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, ఇదే దశలో ఉన్నవారు శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకుని ఆహారం మార్చుకున్నప్పుడు, మధుమేహంలోకి జారే ప్రమాదం 58 శాతం తగ్గింది. మీ అబ్బాయికి 7 శాతమంటే 6 కిలోలు. ఇది భయపడవలసినంత పెద్ద లక్ష్యం కాదు, అలాగని వంటగదిలోనే మొత్తం సాధించగలిగేదీ కాదు. గచ్చిబౌలికి రానూపోనూ ప్రయాణం, నిద్ర, నడక, బయట తినే తిండి, ఇవన్నీ లెక్కలో ఉన్నాయి. అతని రక్తంలో పెరిగిన చక్కెరకు మీ సాలన్ ఒక్కటే కారణమని ఎవరూ అనలేరు. మీరూ అలా అనుకుని కుంగిపోవద్దు.

ఇక మీ ముందున్న దారుల గురించి చెబుతాను.

వంటగది వదిలి సిద్దిపేట వెళ్లడం ఒక దారి. మీ తమ్ముడిని చూడాలని, అక్కడి గాలి పీల్చాలని పదిహేను రోజులు వెళ్లి రావడంలో తప్పేమీ లేదు. అలిగి వెళ్లడం వేరు. మీరు వెళితే వంట భారం బ్యాంకు నుంచి సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరే మీ కోడలి మీద పడుతుంది. వంటమనిషిని పెట్టుకోవచ్చు, కానీ ఆమె కొలిచి పోస్తుందన్న భరోసా లేదు, పార్సిళ్లు శనివారంతో ఆగుతాయన్న నమ్మకమూ లేదు. మీ మనవడు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. వీటన్నిటికంటే, భార్య పోయిన తరువాత మిమ్మల్ని నిలబెట్టిన పని మీ చేతుల్లోంచి జారిపోతుంది. ఈ చివరిదాన్ని మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు గాని, నాకు అన్నిటికంటే అదే బరువుగా కనిపిస్తోంది.

ఇప్పుడు నడుస్తున్నట్టే రెండు వంటలు కొనసాగించడం ఇంకో దారి. గొడవ బయటికి రాకుండా కొన్నాళ్లు నడుస్తుంది. కానీ పదిన్నర రాత్రి మీరు చూసిన దృశ్యమే దాని ఫలితం. ఒక గిన్నెడు కూరగాయల సూపుతో మధ్యాహ్నం నుంచి ఆగిన ఆకలి తీరదు, అందులో మాంసకృత్తులు దాదాపు లేవు. అందుకే అతను గంటన్నరకే అన్నం గిన్నె దగ్గరికి వస్తున్నాడు. అతనిది నాలుక చాపల్యం అని మీ కోడలు అనుకుంటున్నారు, నా వంట మీద మమకారం అని మీరు అనుకుంటున్నారు. అతనికి నిజంగా ఆకలి వేస్తోంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి సొంత ఇంట్లో చీకట్లో దాక్కుని అన్నం తినవలసి రావడం మీ ముగ్గురికీ గౌరవం కాదు. నూనె పూర్తిగా మానేయడం కూడా సరైన పద్ధతి కాదు. ఆకుకూరల్లో ఉండే కెరోటిన్, విటమిన్ ఇ, కె వంటివి శరీరానికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి. తోటకూరలో చెంచా నూనెతో పెట్టిన వెల్లుల్లి పోపు రుచికీ ఒంటికీ రెండిటికీ పనికొస్తుంది.

నేను మొగ్గు చూపేది మూడో దారికి, అంటే ఒకే పొయ్యి మీద వారం మొత్తాన్ని తిరగేసి అమర్చుకోవడానికి. ఆరు రోజులు నోట్‌బుక్కులో లేని వంట, ఆదివారం మధ్యాహ్నం నోట్‌బుక్కులోని వంట. ఇందులో మీరు వదులుకోవలసింది ఉంది, మీ కోడలు వదులుకోవలసిందీ ఉంది.

పుంటికూర పప్పు, గంగవాయిలి కూర పప్పు, వేసవి మొదట్లో దొరికే చింతచిగురు పప్పు, బీరకాయ కూర, ఆనపకాయ, చిక్కుడు, పచ్చిపులుసు, మజ్జిగ. ఇవి మీ భార్య చేతి రోజువారీ వంటలే అయి ఉంటాయి, గుర్తు చేసుకుని చూడండి. మీకు గుర్తులేనివి మీ చెల్లెలినో మరదలినో ఫోనులో అడగండి. నలుగురికి రోజుకు కిలోన్నర కూరగాయలు పట్టుకొస్తే పళ్లెంలో సగం వాటితోనే నిండుతుంది, అన్నం తనంతట తానే తగ్గుతుంది. అన్నం మానేయమని ఎవరినీ అడగనక్కర లేదు. ముందు కూర, పప్పు సగం తిని ఆ తరువాత అన్నం కలుపుకోమని మీ అబ్బాయికి చెప్పండి, ఆ వరుసలో తింటే భోజనం తరువాత చక్కెర అంత వేగంగా పెరగదు. రాజేంద్రనగర్‌లో రూపొందించిన తెలంగాణ సోనా అనే సన్నబియ్యం రకం, ఆర్ఎన్ఆర్ 15048, చక్కెరను కొంత నెమ్మదిగా పెంచుతుందని పేరు తెచ్చుకుంది, దొరికితే వాడండి. కానీ ఏ బియ్యమైనా కొలిచి ఎసట్లో వేయండి, ఇది మంచిదని రెండు గరిటెలు అదనంగా వడ్డిస్తే వచ్చిన లాభం పోతుంది. రాత్రికి జొన్నరొట్టె మంచి మార్పు. వేణ్నీళ్లతో పిండి కలిపి చేత్తో తట్టడం మొదట్లో కుదరకపోతే, సాయంత్రాలు రోడ్డు పక్కన ఆడవాళ్లు పొయ్యి మీద కాల్చి అమ్మేవి మన ఊళ్లో చాలాచోట్ల దొరుకుతాయి. రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, ఒక కూర తిన్నవాడు పదిన్నరకు వంటగదిలోకి రాడు. జొన్న కూడా ధాన్యమేనని, నాలుగైదు రొట్టెలు తింటే అన్నంతో సమానమేనని మాత్రం గుర్తుండాలి. ఓట్స్ మీ కోడలికి ఇష్టమైతే ఉండనివ్వండి, అందులో చెడు లేదు. వారంలో రెండు రోజులు పొట్టు పెసలతో పెసరట్టు వేస్తే పప్పు వాటా పొద్దుటే కొంత తీరుతుంది.

ఆదివారపు గుత్తి వంకాయ గురించి కాస్త వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే మీరు దానికి పావు లీటరు నూనె పోస్తున్నానని రాశారు. ఆ మసాలాలో పల్లీలు ఉన్నాయి, నువ్వులు ఉన్నాయి, ఎండుకొబ్బరి ఉంది. పల్లీల బరువులో, నువ్వుల బరువులో దాదాపు సగం నూనే, ఎండుకొబ్బరిలో సగానికి మించి ఉంటుంది. అంటే కూరకు కావలసిన నూనెలో ఎక్కువ భాగం మసాలాలోనే దాగి ఉంది, దాన్ని బయటికి రప్పించడానికి సమయం కావాలి. మూడింటినీ నూనె లేకుండా సన్న మంట మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చింతపండు గుజ్జుతో మెత్తగా నూరండి. వంకాయలను డీప్‌ఫ్రై చేయకుండా, ఉప్పు పట్టించి, రెండు చెంచాల నూనెలో మూత పెట్టి మగ్గించండి. ఇంకో రెండు చెంచాలతో పోపు వేసి, నూరిన ముద్దను పచ్చివాసన పోయేదాకా తిప్పి, నీళ్లు పోసి, వంకాయలు వదిలి, మూత పెట్టి, మంట తగ్గించి అరగంట ఆగండి. మూకుడు అంచుల వెంట నూనె తనే తేలుతుంది. పావు లీటరు పోసినప్పుడు తేలేది పోసిన నూనె, ఇక్కడ తేలేది నువ్వులది, పల్లీలది. వాసన చూస్తే తేడా తెలుస్తుంది. సాలన్‌కూ ఇదే వరుస వర్తిస్తుంది. గారెలు వేసిన నూనెను మాత్రం సీసాలో పోసి మళ్లీ మళ్లీ వేపుళ్లకు కాచవద్దు, కాచిన కొద్దీ అందులో హానికర పదార్థాలు పెరుగుతాయి.

ఈ దారిలో చిక్కులు లేవని చెప్పను. మొదటి రెండు మూడు వారాలు మీ మనవడు మూతి ముడుస్తాడు. మీకూ వంట చప్పగా మారిందనిపిస్తుంది, చెయ్యి నూనె సీసా మీదికి తనంతట తానే పోతుంది. దానికి ఒక ఉపాయం ఉంది. ఒకటో తేదీన 3 లీటర్ల నూనె, అర కిలో నెయ్యి విడిగా పెట్టి, నెలాఖరుదాకా అవే వాడండి. రోజూ చెంచాలు లెక్కపెట్టే బాధ ఉండదు, ఇరవయ్యో తేదీకే అయిపోతే ఎక్కడ జారిందో మీకే తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది కాబట్టి, పదిహేను రోజులకే పరీక్ష చేయించి నిరాశపడవద్దు. మూడు నెలల తరువాత చేయించండి. అప్పటికీ అంకె తగ్గకపోతే మందుల సంగతి వైద్యుడు చూసుకుంటారు, అది మీ వంట ఓడిపోయినట్టు కాదు. ట్రైగ్లిజరైడ్లు నూనెతోనే కాక తీపితో, శీతల పానీయాలతో, మద్యంతో, ఎక్కువైన అన్నంతో కూడా పెరుగుతాయి. ఆఫీసులో అతను ఏం తాగుతున్నాడో, ఏం తింటున్నాడో అతనే చెప్పాలి. ఇన్నాళ్లుగా ఈ విషయంలో మీరూ మీ కోడలూ మాట్లాడుతున్నారు, అతను మౌనంగా ఇద్దరినీ సంతోషపెట్టే ప్రయత్నం చేస్తున్నాడు. తన శరీరం గురించి తనే ఒక మాట అనవలసిన సమయం వచ్చింది.

మీ కోడలితో ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. ఆమె ఆ పట్టికను మీ మీద కోపంతో అంటించలేదు. తండ్రిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకువెళ్లిన మనిషికి 6.2 అనే అంకె మనకు కనిపించినట్టు కనిపించదు. ముగ్గురూ ఇంట్లో ఉన్న రోజు, తినే వేళ కాకుండా మరో వేళ చూసుకుని, "బిడ్డా, మీ నాన్న పడ్డ బాధ చూసి నువ్వు భయపడ్డావు, అది నాకు అర్థం కాలేదు. ఆ రోజు అన్న మాట అనకుండా ఉండవలసింది. వంట నేనే చేస్తాను, కొలత నువ్వు చెప్పు, మూడు నెలలు చూద్దాం" అనండి. ఇవే మాటలు కానక్కర లేదు, మీ మాటల్లో అనండి. ఫ్రిజ్ మీది కాగితం తీసేయమని మాత్రం ఆ రోజే అడగవద్దు. పప్పు, కూర, కొలిచిన అన్నం నెల రోజులు బల్ల మీద కనిపిస్తే ఆమే తీసేస్తారు. తీయకపోయినా ఇబ్బంది లేదు. ఆమె ఒప్పుకోకుండా, పట్టికే కావాలని పట్టుబట్టే అవకాశమూ ఉంది. అప్పుడు వాదించకుండా, ముగ్గురూ కలిసి ఒకసారి డైటీషియన్ దగ్గరికి వెళ్లండి. మీరు వండేది ఏమిటో, ఎంతో ఆయనకో ఆమెకో మీరే చెప్పండి. ఇంటర్నెట్ నుంచి దించిన పట్టికలో మీ ఇంటి వంట లేదు, మనిషి రాసి ఇచ్చేదానిలో ఉంటుంది.

చివరగా, మీ ఉత్తరంలో ఒక్క వాక్యంగా వచ్చి పోయిన విషయం ఒకటుంది. మీరు ఎనిమిదేళ్లుగా రక్తపోటు మాత్ర వేసుకుంటున్నారు, రెండు పూటలా ఆవకాయో చింతకాయ తొక్కో లేనిదే ముద్ద దిగదు. రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, అంటే అన్ని వంటల్లోనూ కలిపి ఒక చిన్న చెంచా. కూరలో వేసిన ఉప్పుతోనే అది దాదాపు నిండిపోతుంది, ఊరగాయలో ఉప్పు వేరే ఉంటుంది. ఊరగాయను రెండు పూటల నుంచి ఒక పూటకు, గోటి ముక్కంతకు తగ్గించి, దాని చోట అప్పటికప్పుడు చేసిన రోటి పచ్చడి పెట్టుకోండి. మీ అబ్బాయి పరీక్షకు వెళ్లిన రోజే మీరూ వెళ్లి రక్తపోటు, చక్కెర, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించుకోండి.